పేర్లు ఉండే వైపు

ఇది రాయడానికి కూర్చుని గంట కాలేదు, ఇప్పటికే మూడుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి మీద పాలు చూసొచ్చాను. రెండుసార్లు ఊరికే గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. తలకి ఆపరేషన్ అయి ఏడు నెలలైంది గానీ, ఆ గుణాన్ని మాత్రం డాక్టర్లు తీసెయ్యలేకపోయారు. అయినా పట్టుబట్టి రాస్తున్నాను. ఆరేళ్ళపాటు నా జబ్బుని మా ఇంట్లో ఎవరూ జబ్బనుకోలేదు, నాతో సహా. మీ ఇంట్లో కూడా అలాంటివాళ్ళు ఒకరుండొచ్చు.

నా పేరు నూకరత్నం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు దించే చేపల్ని రకాలవారీగా రాసుకోవడం నా ఉద్యోగం. పొద్దున్నే ప్యాడ్ పట్టుకుని జెట్టీ మీద నిలబడితే, గంపలు దిగుతున్నకొద్దీ పేర్లు రాస్తూ పోవాలి. వంజరం, చందువ, కానాగడతలు, కవళ్ళు, సావళ్ళు, నెత్తళ్ళు. ఆగి ఆలోచించే తీరిక ఉండదు. డిగ్రీలో జువాలజీ చదివాను గానీ ఈ పేర్లు నాకు కాలేజీ నేర్పలేదు, మా అమ్మ నేర్పింది. మా అమ్మ అప్పలనర్సమ్మ అదే హార్బర్‌లో ముప్ఫై ఏళ్ళుగా రొయ్యలు ఒలుస్తోంది. మా ఆయన శ్రీను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నా మేనమామ కొడుకే కాబట్టి పెళ్ళికి ముందూ బావే, ఇప్పుడూ బావే.

జబ్బు ఎలా ఉండేదో చెప్తాను. ముందు పొత్తికడుపులోంచి ఏదో పైకి లేచేది, బోటు అల మీదికి ఎక్కినప్పుడు లేస్తుందే, అలా. వెంటనే, ఇప్పుడు జరుగుతున్నదంతా ఇంతకుముందే ఒకసారి జరిగిపోయిందనిపించేది. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. మళ్ళీ తెలివి వచ్చేసరికి ఎదుటివాళ్ళు నా మొహంలోకి చూస్తుండేవారు. ఆ నిమిషంలో నేను ఏం చేసేదాన్నో వాళ్ళే చెప్పాలి. కళ్ళు నిలబెట్టేసేదాన్నట. నోట్లో ఏదో ఉన్నట్టు నమిలేదాన్నట. వేళ్ళు మాత్రం ఆగకుండా కదులుతూ ఉండేవట, రొయ్య ఒలుస్తున్నట్టు.

ఇక్కడే మేమంతా పప్పులో కాలేశాం. ఇంకో ఊళ్ళో అయితే ఆ వేళ్ళు చూసి ఎవరో ఒకరు కంగారుపడేవారు. మా హార్బర్‌లో ఎవరు కంగారుపడతారు? అక్కడ ఆడవాళ్ళ చేతులు పని లేనప్పుడు కూడా అలాగే ఆడుతుంటాయి. "నూకరత్తం పరాకులో పడ్డాది రోయ్, కల్లో కూడా రొయ్యలే ఒలుత్తాది, తల్లి పోలికే" అని నవ్వేవారు. నాకూ అదేదో మెచ్చుకోలులాగే ఉండేది. కడుపులో లేచేదాన్ని గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగేదాన్ని. నా రిజిస్టర్లో అక్కడక్కడ ఒక పేరు సగంలో ఆగి, గీత కిందికి జారిపోయి ఉండేది. పై ఆఫీసువాళ్ళు అడిగితే పెన్ను మీదికి నెట్టేసేదాన్ని.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ మా వరండాలో ఎదురెదురుగా కూర్చుని కూరకి రొయ్యలు ఒలుస్తున్నాం. కడుపులో అల లేచింది. తెలివి వచ్చేసరికి నా రెండు మణికట్లూ అమ్మ చేతుల్లో ఉన్నాయి. ఆవిడ పట్టు నొప్పి పుడుతోంది.

"ఒలే, నీ కుడిసెయ్యేటైనాదే?"

"ఏటైంది? ఏం కాలేదే."

"కర్రలాగ బిగిసిపోనాది. ఎడమ సెయ్యొక్కటే ఒలుత్తన్నాది. సేతిలో రొయ్య లేదు, కింద పడిపోనాది. అయినా ఒలుత్తన్నాది." "ఒంటి సేత్తో రొయ్య ఎవులు ఒలుత్తారే? ముప్పై ఏళ్ళు ఒలిసినాను, నాకు తెల్దేటి?"

ఆవిడ అంత దగ్గరగా, అంతసేపు నన్ను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా చేతికి రొయ్యలివ్వలేదు. నా వేళ్ళు కదిలితే అది పనో జబ్బో తెలియాలి కదా అని అమ్మ తీర్మానించింది. వంటింట్లో నేను ఏం పట్టుకున్నా నా రెండో చెయ్యి ఎక్కడుందో చూసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

న్యూరాలజీ డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో రెండు గంటలు పట్టింది. నేను ఆ హాల్లో ఎన్ని అడుగులున్నాయో లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. తిరిగి లెక్కపెడితే ఇరవై తొమ్మిది వచ్చాయి. నాకు అలా అయినప్పుడు తన ఫోన్లో తీసిన వీడియో బావ చూపించాడు. డాక్టరుగారు వీడియో ఆపేసి అమ్మ వైపు కుర్చీ తిప్పుకున్నారు. ఏ చెయ్యి ఆడుతుంది, ఏ చెయ్యి బిగుస్తుంది అని అడిగారు. అమ్మ తన చేతులతోనే చేసి చూపించింది.

"అమ్మా, కుడి చెయ్యి బిగిస్తే జబ్బు మెదడుకి ఎడమవైపు ఉన్నట్టు. స్కానింగ్ కంటే ముందు మీరే చెప్పేశారు" అన్నారాయన.

అమ్మ పొంగిపోలేదు. "సెప్పడానికి ఆరేళ్ళు పట్టీసినాది బాబూ" అంది.

ఇవి మూర్ఛలే అన్నారు. మూర్ఛంటే కింద పడి కొట్టుకోవడమే అనుకునేదాన్ని. ఇలా నిలబడే, కళ్ళు తెరుచుకునే వచ్చేవి కూడా ఉంటాయట. స్కాన్‌లో చెవి వెనకాల బాగా లోతున ఒకచోట మచ్చలాంటిది కనిపించింది. ఒక మందు వాడాం, తగ్గలేదు. రెండోది కలిపారు, నిద్రా చిరాకూ పెరిగాయి తప్ప మూర్ఛలు తగ్గలేదు. బావ నా స్కూటీ తాళం దాచేశాడు. రిజిస్టర్లు ఇవ్వడానికి నేను మధురవాడలో ఉన్న పై ఆఫీసుకి బస్సులో వెళ్ళాల్సి వచ్చేది, బస్సులో కూర్చోలేక మధ్యలో దిగిపోయేదాన్ని. జెట్టీ మీద నేను నిలబడితే, నాకూ నీళ్ళకీ మధ్య అమ్మ తన పీట వేసుకుని కూర్చునేది. పనివాళ్ళు పక్కకి జరగమంటే జరిగేది కాదు. ఒకరోజు అందరి ముందూ ఆవిడ మీద అరిచాను. ఆవిడ తలెత్తకుండా రొయ్యలు ఒలుచుకుంటూ ఉండిపోయింది. ఆ అరుపు నాకిప్పటికీ గుర్తొస్తుంది, మర్చిపోయిన వాటిలో అది ఉంటే బాగుండేది.

మార్చిలో సర్జన్ దగ్గరికి పంపారు. పెద్దాయన, మెల్లగా మాట్లాడతారు. నాకు జువాలజీ అని తెలిసి స్క్రీన్ మీద మచ్చ చూపిస్తూ, "దీని పేరు హిప్పోక్యాంపస్. అంటే తెలుసుగా?" అన్నారు. తెలుసు. సముద్రపు గుర్రం. ఆకారం అలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. వలలో సముద్రపు గుర్రం పడితే తిరిగి నీళ్ళలో వదిలెయ్యమని బోటు సరంగులతో గొడవపడేది నేనే. ఇప్పుడు నాదే తీసెయ్యాలంటున్నారు.

అమ్మకి చెప్తే, "గుర్రపు సేపా? అది నీ బుర్రలోకి ఎలాగెల్లినాదే?" అంది. ఆ రోజంతట్లో మేం నవ్వింది అప్పుడే.

సర్జన్‌గారు కాగితం మీద తలకాయ బొమ్మ గీశారు. తీసేది ఒకటేనట, దారులు మాత్రం మూడున్నాయట. ఒకటి పక్క నుంచి, దానికి ముందున్న మెదడు భాగం కొంత తీసేసి లోపలికి వెళ్ళడం. అది ఎక్కువ మంది చేసేది, అలవాటైనది. రెండోది పైనున్న మడతల సందు విప్పుకుంటూ వెళ్ళడం. మూడోది అడుగు నుంచి, మెదడుని కాస్త పైకెత్తి కిందుగా దూరడం. ఏ దారిలో వెళ్ళినా ఏదో ఒకటి తగులుతుంది అన్నారు. "ఎడమవైపు కదమ్మా. మాటలుండే వైపు. ముఖ్యంగా పేర్లు."

"ఏ పేర్లు సార్?"

"వస్తువులవీ, మనుషులవీ. చూస్తే ఏమిటో తెలుస్తుంది. పేరు మాత్రం నోటికి రాదు. పక్క దారిలో వెళ్తే ఆ ఇబ్బంది ఎక్కువ."

నేను లేచి నిలబడ్డాను. కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. నాకున్నదే పేర్లు. చేప తెలిసి పేరు రాకపోతే జెట్టీ మీద నేనెందుకు?

కారిడార్లో బావ నా భుజం మీద చెయ్యేసి, "పేర్లు పోతే పోనీయే. మనిసివి ఉంటావు గదా, అది సాలు" అన్నాడు. ఆ చెయ్యి విదిలించేశాను. "నీ పానాలూ రెంచీలూ పేర్లు తెలీకుండా పని చెయ్యి చూద్దాం" అన్నాను.

మడతల దారి నాకు కుదరదనీ, మిగిలిన రెండింట్లో ఏదో తేల్చేది పేర్ల పరీక్ష అనీ చెప్పారు. నాకు పేర్లు ఇప్పటికే బలహీనంగా ఉంటే, పోయేదేమీ లేదు కాబట్టి పక్క దారి. గట్టిగా ఉంటే వాటిని కాపాడుకోవాలి కాబట్టి కింది దారి. పరీక్ష పెట్టినమ్మాయి శైలజ, సైకాలజిస్టు, పాతికేళ్ళుంటాయి. బొమ్మలు ఒక్కొక్కటీ చూపిస్తుంది, నేను పేరు చెప్పాలి, ఆవిడ టైము చూసుకుంటుంది.

సొరకాయ బొమ్మకి ఆనపకాయ అన్నాను. మాకు సొరంటే సముద్రంలో తిరిగే చేప. లంగరు బొమ్మకి నంగరం అన్నాను. పడవ బొమ్మ చూపిస్తే, "తెప్పా, నావా, మరబోటాండీ?" అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పకూడదట. వల బొమ్మ చూపించింది. ఏ వలో తెలియాలంటే కన్ను, అంటే దారాల మధ్య సందు, ఎంతుందో చూడాలి, బొమ్మలో కన్ను సరిగ్గా లేదు. తర్వాత చేప బొమ్మ వచ్చింది. దాని ముందు నేను ఆగిపోయాను. ఒళ్ళు చందువది, తోక వంజరానిది, రెక్కలు ఎవరివో దేవుడికి తెలియాలి. అలాంటి చేప ఈ సముద్రంలో లేదు. దాన్ని పట్టుకుని తిప్పలు పడుతుండగానే టైము అయిపోయింది.

వారం తర్వాత సర్జన్‌గారు రిపోర్టు చూసి, పేర్లు బాగా తగ్గి ఉన్నాయనీ, కాబట్టి పక్క దారిలోనే వెళ్ళొచ్చనీ చెప్పారు. నిజంగానే తగ్గాయేమో, నాకే తెలియడం లేదేమో అనుకున్నాను. ఈ జబ్బులో అదొక నరకం, నా మాట మీద నాకే నమ్మకం ఉండేది కాదు. అమ్మ మాత్రం బయట బెంచీ మీద కూర్చుని నాచేత పరీక్ష మొత్తం చెప్పించుకుంది. ఒక్కో బొమ్మకి నేనేమన్నానో అడిగింది. చేప బొమ్మ దగ్గరకి వచ్చేసరికి లేచిపోయింది.

శైలజ గది తలుపు తోసుకుని వెళ్ళింది. వెనకాల నేను.

"ఏటమ్మా, నా కూతురికి పేర్లు రావంతావేటి?"

"అది కాదమ్మా, కూర్చోండి..."

"నాను కూకోను. సేప బొమ్మెట్టి ఏటిదని అడిగితే ఏటి సెప్పాల?"

"చేప అని చెబితే చాలమ్మా."

"సేపని సెప్పడానికి పరీచ్చెందుకమ్మా, పిల్లి కూడా సెప్తాది! ఏ సేప అని గదా అడగాల. మీ బొమ్మ తప్పయితే నా గుంటకి సున్నా ఏసీసి, దాని బుర్ర కోసీత్తారేటి?"

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. కోప్పడుతుందనుకున్నాను. ఫైలు తీసి కాగితాలు తిప్పి, నేను చెప్పిన జవాబులు మళ్ళీ చదివింది. ఆనపకాయ, నంగరం అని గట్టిగా పైకి చదివింది. "నాది కడప అమ్మా" అంది చివరికి. "సముద్రం చూసిందే ఈ ఉద్యోగానికి వచ్చాక. వీటిని నేను తప్పులుగా వెయ్యకుండా ఉండాల్సింది. రేపు నేనే మీ హార్బర్‌కి వస్తా."

అన్నట్టే వచ్చింది. చుడీదారు మడమల పైకి పట్టుకుని, బురదలో జారుతూ, ఫోన్లో ఫొటోలు తీసింది. చేపలు, వలలు, గంపలు, బోటు సామాను. ప్రతిదానికీ అమ్మనీ, పక్కనున్న మరో ఇద్దరు ఆడవాళ్ళనీ పేరు అడిగి రాసుకుంది. నన్ను మాత్రం దూరంగా నిలబెట్టింది. ఆసుపత్రిలో ఆ ఫొటోలతో పరీక్ష మళ్ళీ మొదలెడితే నేను కూర్చోలేదు, జెట్టీ మీద నిలబడినట్టే గదిలో నిలబడి చేపల పేర్లు చెప్పాను. చందువ. పార. టేకు. గులివింద. కవళ్ళు. ఆవిడ ఫొటో మార్చేలోపే పేరు నోటి చివర ఉండేది. అయిపోయాక ఆవిడ గడియారం ఆపి నన్ను కావలించుకుంది. ఆ రిపోర్టు చూసి సర్జన్‌గారు కాగితం మీద పక్క దారి కొట్టేసి, కింద నుంచి బాణం గుర్తు వేశారు. "ఇది కొంచెం ఇరుకు దారి. అయినా మీ పేర్ల కోసం ఇలా వెళ్దాం. పూర్తిగా కాపాడతానని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు. నిజం చెప్పినందుకు ఆయన మీద గురి కుదిరింది.

ఏప్రిల్లో వేట నిషేధం మొదలైంది. రెండు నెలలు బోట్లు సముద్రంలోకి వెళ్ళవు, నాకూ పని ఉండదు. అందుకే ఆపరేషన్‌కి ఆ రోజులే ఎంచుకున్నాం. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి వార్డులో నేను అటూ ఇటూ తిరుగుతుంటే అక్కడి నర్సు, "నువ్వు తిరిగిన దూరం ఆనందపురం వెళ్ళొచ్చేంత అయ్యింటాది, ఇంక పడుకో తల్లీ" అని మంచం దగ్గరికి తోలింది. బావ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఆ రోజు పోతే పోనీ అన్నాను గదా" అన్నాడు. "నాకు బయమేసి అనీసినాను. నా పేరు కూడా పోతాదేమో అని."

"పోతే?"

"పోనీలే. బావా అని పిలిస్తే సాలు, పలుకుతాను."

ఆయన చెయ్యి ఈసారి విదిలించలేదు. చాలా భయంగా ఉందని మొదటిసారి పైకి చెప్పాను.

ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిచేసరికి తల బరువుగా, దవడ కదపలేనంత నొప్పిగా ఉంది. అమ్మ, బావ కనిపించారు. ఇద్దరూ ఎవరో తెలుసు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. రెండో రోజుకి "బావ" వచ్చింది, ఆయన బయటికి వెళ్ళి ఏడ్చొచ్చాడు. కానీ చెంచా రాలేదు. దువ్వెన రాలేదు. "అది... దాంతో తింటాం కదా, అది" అనేదాన్ని. వాపు వల్ల అలా ఉంటుంది, ఆగండి అన్నారు. ఆగడం నాకు తెలియని పని. మంచం మీద నుంచి గదిలో ఉన్న ప్రతి వస్తువునీ చూస్తూ, పేరు కోసం వెతుకుతూ, రాక దిండు విసిరేదాన్ని. శైలజ వచ్చి, నన్ను ప్రశ్నలు వెయ్యొద్దని అందరికీ చెప్పింది. అమ్మకి ఆ మాట నచ్చలేదు, అయినా వింది. అడగడం మానేసి, తనే ఏదో ఒకటి చెప్తూ కూర్చునేది. ఇవాళ ఫలానా కూర వండాను, అందులో ఫలానాది వేశాను అని. వారం తిరిగేసరికి చెంచా వచ్చింది. తర్వాత ఒకేరోజు నంగరం, ఆనపకాయ వచ్చాయి. ఆ రోజు వార్డంతా వినేలా అరిచాను.

జూన్‌లో బోట్లు మళ్ళీ కదిలాయి. నేను నెలన్నర ఆగి, జూలై ఆఖరులో జెట్టీకి వెళ్ళాను. మునుపటంత వేగం లేదు. ఒక్కో పేరు దగ్గర రెప్పపాటు ఆగాల్సి వచ్చేది. ఒక చేప మాత్రం అసలు రాలేదు. ఎర్రటి ఒళ్ళు, గడ్డం కింద రెండు మీసాలు. రోజూ దిగేదే. ఆ పేరు ఉండాల్సిన చోట రిజిస్టర్లో దాని బొమ్మ వేసేదాన్ని, మీసాలతో సహా. గంపల దగ్గర ఆడవాళ్ళు చెప్పబోతే అమ్మ వాళ్ళ మీద లేచేది. "సెప్పకండి. దానికే వత్తాది."

ఆగస్టులో ఒకరోజు మధురవాడ బస్సులో నిలబడి వెళ్తున్నాను. దాని గురించి ఆలోచించనైనా లేదు. "గులివింద!" అని అరిచేశాను. బస్సులో అందరూ నా వైపు తిరిగారు. ముందు సీట్లో పెద్దావిడ, "ఏ ఊరి గులివిందలమ్మా, తాజావేనా? బుట్ట ఏదీ?" అంది. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది. ఆవిడ జరిగి నాకు సీటిచ్చింది. ఆ ఒక్కసారీ దిగేదాకా కూర్చున్నాను.

ఇప్పటిదాకా ఒక్క మూర్ఛ కూడా రాలేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, ఇంకా చాలాకాలం వెయ్యాలన్నారు. అప్పుడే బాగైపోయిందని అనుకోవద్దని కూడా అన్నారు. కొన్ని పేర్లు ఇప్పటికీ పిలిస్తే ఆలస్యంగా వస్తాయి. ఈ కాగితం మీద కూడా రెండు చోట్ల ఖాళీ వదిలి, తర్వాత పూరించాను. మీవాళ్ళెవరైనా ఉన్నట్టుండి చూపు నిలిపేసి, చేతులతో ఏదో చేస్తుంటే, పరాకు అని నవ్వి వదిలెయ్యకండి. దగ్గరగా వెళ్ళి చూడండి. డాక్టరు దగ్గర మీ మాటలకి విలువ కట్టేటప్పుడు, అవి మీ ఊరి మాటలని కూడా గట్టిగా చెప్పండి.

మొన్న ఆదివారం అమ్మ సత్తు బేసిన్ తెచ్చి వరండాలో నా ముందు పెట్టింది. నిండా రొయ్యలు. దాదాపు ఏడాదైంది నా చేతికి అవి ఇచ్చి. నేను తలెత్తి చూశాను.

"ఏటలా సూత్తన్నావ్? ఒలు, బేగి. కూర పొద్దుపోతన్నాది."

ఒకటి తీశాను. ఎడమ చేత్తో తల పట్టుకున్నాను, కుడి చేత్తో పెంకు లాగాను. అమ్మ నిలబడి నా రెండు చేతుల వైపూ చూసింది. ఇంకోటి ఒలిచేదాకా చూసింది. తర్వాత బిందె చంకనెత్తుకుని, నా వైపు వీపు తిప్పి, వీధి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.